మీకు ఏ స్టైల్ కావాలి మేడం?

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన వాళ్ళని ఇంటీరియర్ వాళ్ళు అడిగే మొట్టమొదటి ప్రశ్న ఇది. ఇంట్లో ఎంతమంది ఉంటారు, వంట ఎవరు చేస్తారు, ఊర్నించి ఎవరెవరు వచ్చిపోతుంటారు.. ఇవన్నీ తర్వాత. ముందు చేతిలో ఒక ట్యాబ్ పెట్టి బొమ్మలు చూడమంటారు. స్కాండినేవియన్, జపాండీ, ఇండస్ట్రియల్, మినిమలిస్ట్, కాంటెంపరరీ, బోహో. హోటల్లో మెనూ కార్డు చూసి చెప్పినట్టు మనం ఒకటి చెప్పాలి. దాన్నిబట్టి ఆరు లక్షలకో పన్నెండు లక్షలకో కొటేషన్ వస్తుంది.

పోయినేడాది మేమూ నిజాంపేట్ వైపు ఒక టూ బెడ్రూం ఫ్లాటు తీసుకున్నాం కాబట్టి ఇలాంటి మెనూ కార్డులు నేను చాలానే చూశాను. మా టీంలో తొమ్మిదిమంది ఉంటే అందులో నలుగురు ఇప్పుడు ఇదే పనిలో ఉన్నారు. లంచ్ టైంలో కబుర్లన్నీ ప్లైవుడ్ గురించే :) ఇవన్నీ చూశాక, విన్నాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఏంటంటే.. ఆ ప్రశ్న అడగాల్సిన చోట అడగట్లేదు. చిన్న ఫ్లాటుకి స్టైల్ అనేది అన్నిటికన్నా ఆఖర్న తేల్చాల్సిన సంగతి. దాన్ని మొదట తేల్చేస్తే ఆ ఇల్లు ఫోటోకి సరిపోతుంది, అందులో ఉండే మనుషులకి సరిపోదు.

ఎందుకో చెప్తాను.

ఏ స్టైలూ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరో ఎక్కడో వాళ్ళకున్న ఇబ్బందికి వెతుక్కున్న పరిష్కారం అది. మన భాషలో చెప్పాలంటే స్టాక్ ఓవర్‌ఫ్లోలో దొరికే కోడు లాంటిది. అది ఏ బగ్ కోసం రాశారో తెలుసుకోకుండా తెచ్చి మన ప్రోగ్రాంలో అతికించేస్తే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

స్కాండినేవియన్ సంగతే చూడండి. స్టాక్‌హోం 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో అక్కడ పగలు ఆరు గంటలే. దొరికిన కాస్త వెలుతురునీ గదంతా తిప్పుకోవాలి కాబట్టి గోడలు తెలుపు, చెక్క లేత రంగు, కిటికీకి పల్చటి తెర. నేల చల్లగా ఉంటుంది కాబట్టి రగ్గు. మరి హైదరాబాదో? 17 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. మనకి వెలుతురు కరువు లేదు. మన బాధల్లా పడమటి కిటికీలోంచి మూడింటికి లోపలికొచ్చే ఎండ, పక్క ప్లాట్లో లేస్తున్న అపార్ట్‌మెంటు నుంచి వచ్చే సిమెంటు దుమ్ము. తెల్ల గోడ చిన్న గదిని కాస్త పెద్దగా చూపిస్తుంది, నిజమే, అది నేనూ వద్దనను. కానీ తెల్ల సోఫా, తెల్ల రగ్గు, పసుపు చేత్తో ముట్టుకునే తెల్ల వంటింటి తలుపులు.. వీటిని రోజూ తుడవడానికి స్వీడన్ నుంచి ఎవరూ రారు కదా! ఐకియా మన దేశంలో మొదటి స్టోరు 2018 ఆగస్టులో మన హైటెక్ సిటీ దగ్గరే తెరిచింది. అక్కడ నాకు నచ్చే వస్తువులు బోలెడున్నాయి. కానీ నచ్చిన వస్తువు ఒకటి కొనుక్కోవడం వేరు, ఆ షోరూం గదిని గదిలాగే ఇంటికి తెచ్చుకోవాలనుకోవడం వేరు.

ఇండస్ట్రియల్ లుక్ ది ఇంకా తమాషా. 1960ల్లో న్యూయార్క్‌లోని సోహో ప్రాంతంలో ఫ్యాక్టరీలు ఖాళీ చేసిన అంతస్తుల్లోకి ఆర్టిస్టులు చేరారు. అద్దె తక్కువ, ఎత్తు ఎక్కువ, కిటికీలు పెద్దవి. ఇటుకల్నీ పైపుల్నీ కప్పిపెట్టే ఖర్చు దేనికని అలాగే వదిలేశారు. మనమేం చేస్తున్నాం? తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న హాల్లో, శుభ్రంగా ప్లాస్టరింగ్ చేసి రంగేసిన గోడ మీద ఇటుకల్లాంటి టైల్స్ అంటించి, పైకప్పుకి నల్లరంగు కొడుతున్నాం. ఖర్చు పెట్టలేని వాళ్ళ ఇల్లులా కనబడ్డానికి ఖర్చు పెడుతున్నామన్నమాట.

ఇక జపాండీ. జపాన్‌లో సంప్రదాయం ప్రకారం గది ఎంతుందో తతామీ చాపల లెక్కలో చెప్తారు. ఒక్కో చాప సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు. అంటే మూడడుగులు ఇంటూ ఆరడుగులు. మన చాపంతే, ఒక మనిషి పడుకునేంత. ఆరు చాపల గది అంటే వంద చదరపు అడుగులు పైచిలుకు, మన ఫ్లాట్లలో రెండో బెడ్రూం అంత. ఆ గదిలో వాళ్ళ అసలు కిటుకు లేత రంగు చెక్కలోనో, మూలన పెట్టిన ఒంటి పూలకొమ్మలోనో లేదు. పొద్దున లేవగానే పరుపు మడిచి గోడలో ఉన్న అలమరలో పెట్టేస్తారు (దాన్ని ఒషీరె అంటారు). అంతే, పడగ్గది కాస్తా కూర్చునే గది అయిపోతుంది. ఇప్పుడు జపాండీ పేరుతో మనకి అమ్మేదేంటి? నేలకి అతుక్కున్నట్టుండే ఆరడుగుల మంచం. అది పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. రూపం తెచ్చుకుని, అది చేసే పనిని అక్కడే వదిలేశాం.

అసలు ఆ కిటుకు మనకి కొత్తా? మా అమ్మమ్మ వాళ్ళింట్లో పొద్దున్నే పక్కలు చుట్టేసి, నవారు మంచం గోడకి నిలబెట్టేస్తే అదే గదిలో పదిమందికి విస్తళ్ళు వేసేవాళ్ళు. ఏడాదికోసారి వాడే గంగాళాలు అటక మీద, రోజూ వాడే దీపం, దువ్వెన గోడగూట్లో. నేలమీద కదలకుండా ఉండేవి ఒక బీరువా, ఒక బియ్యం డబ్బా. ఒకే గదిని నాలుగు పనులకి టైం షేరింగ్ చెయ్యడం మన ముసలాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. పాతకాలమే బంగారం అని పాట పాడ్డం నా ఉద్దేశం కాదండోయ్. ఆ ఇంట్లో బాత్రూం దొడ్డి చివర్న ఉండేది, నాకస్సలొద్దు :)

సరే, ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వద్దాం. లెక్కలు లేకపోతే మనవాళ్ళకి నమ్మకం కుదరదు.

1100 చదరపు అడుగుల ఫ్లాటు అనుకుందాం. ఇది సూపర్ బిల్టప్, అంటే లిఫ్టూ మెట్లూ కారిడారూ అన్నీ కలిపిన లెక్క. 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏంటో స్పష్టంగా నిర్వచించింది. బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు అందులోకి రావు. గదుల మధ్య గోడలు మాత్రం వస్తాయి. మన 1100లో కార్పెట్ ఏరియా 780 ఉందనుకుందాం. చదరపు అడుగు 7 వేల చొప్పున మొత్తం 77 లక్షలు. దాన్ని 780 తో భాగిస్తే నిజంగా కాలు పెట్టగలిగే ఒక్కో అడుగూ సుమారు 9,900 రూపాయలు పడింది. రిజిస్ట్రేషనూ, లోను వడ్డీ ఇందులో కలపలేదు.

ఇప్పుడు సామాన్లు పెడదాం. హాలూ డైనింగూ కలిపి 11 ఇంటూ 20, అంటే 220 చదరపు అడుగులు. ఎల్ ఆకారం సోఫా 36 అడుగులు తింటుంది. మధ్యలో టీపాయ్ 8. టీవీ యూనిట్ 9. ఆరుగురి డైనింగ్ టేబుల్ కుర్చీలు వెనక్కి లాక్కునే జాగాతో కలిపి 40. మొత్తం 93. హాల్లో నూటికి 42 వంతులు పోయాయి. మిగిలిందాంట్లో సగం నడిచే దారి, తలుపులు తెరుచుకునే చోటు. ఆ సోఫా షాపులో 60 వేలు అయ్యుండొచ్చు, కానీ అది కూర్చున్న నేల ఖరీదు మూడున్నర లక్షలు! బెడ్రూముల్లో రెండు పెద్ద మంచాలు వేస్తే, పరుపు కొలత ఆరు ఇంటూ ఆరున్నర కాబట్టి, రెండూ కలిపి 78 అడుగులు. కార్పెట్ ఏరియాలో సరిగ్గా పదో వంతు. అందులో రెండో మంచం మీద ఏడాదిలో ఎన్ని రాత్రులు ఎవరు పడుకుంటారో మీరే లెక్కేసుకోండి.

ఇరవయ్యేళ్ళ లోను కట్టేది నేల కోసం. ఆ నేలని సామాన్లకి అద్దె లేకుండా ఇచ్చేసి, ఇల్లు ఇరుగ్గా ఉందని మనమే బాధపడతాం. ఆ ఇరుకు కనబడకుండా ఉండటానికి మళ్ళీ ఒక గోడకి నిలువెత్తు అద్దం. ఫాల్స్ సీలింగ్ కూడా ఇలాంటిదే. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో అరడుగు దానికి పోతే ఫ్యాను ఇంకా కిందకి దిగాలి. దించకపోతే రెక్కలు సీలింగుకి దగ్గరై గాలి సరిగా ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో మనకి కావాల్సింది గాలా, సీలింగు అంచుల్లో దాక్కున్న నీలం లైట్లా?

అలాగని బయటి నుంచి వచ్చిందల్లా వద్దనడం నా ఉద్దేశం కాదు. నేర్చుకోవాల్సింది ఉంది, కాకపోతే వాళ్ళ పద్ధతి నేర్చుకోవాలి. మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం చూస్తే 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. జర్మనీలో ఆ ఊరి నగరపాలక సంస్థ కట్టిస్తున్న చిన్న ఇళ్ళ కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ దాన్ని డిజైన్ చేసింది. 1.9 మీటర్లు ఇంటూ 3.4 మీటర్లు, అంటే దాదాపు 70 చదరపు అడుగులు. మన ఫ్లాట్లలో వంటిల్లూ ఇంచుమించు అంతే. ఆవిడ మొదట రంగులు చూళ్ళేదు. వంట చేసేటప్పుడు ఎన్ని అడుగులు వెయ్యాల్సి వస్తోంది, ఏ పనికి ఎంతసేపు పడుతోంది అని లెక్కలు కట్టింది. రైళ్ళలో భోజనం పెట్టెలో అంత ఇరుకు వంటింట్లో అంతమందికి ఎలా వండుతున్నారో గమనించింది. ఆ కొలతల్లోంచి పుట్టిన వంటిల్లు సుమారు పదివేల ఇళ్ళలో పెట్టారు. దాని రూపం తర్వాత ప్రపంచానికి ఫ్యాషన్ అయింది. రిక్వైర్‌మెంట్స్ ముందు, యూఐ తర్వాత. మనం ఆఫీసులో క్లయింటుకి రోజూ చెప్పే మాటే కదా ఇది!

ఆ డిజైనుకీ ఒక లోటుంది. అది ఒక్క మనిషి ఒంటరిగా పనిచేసుకునే వంటిల్లు. ఆడవాళ్ళని ఒంటరిగా లోపల పెట్టి తలుపేసిందని తర్వాత విమర్శలు కూడా వచ్చాయి. మన ఇంట్లో పండగొస్తే ముగ్గురు వంటింట్లోనే ఉంటారు, ఒకరు నిలబడి, ఒకరు కింద కూర్చుని. మన వంటింటికి కావాల్సినవి 25 కిలోల బియ్యం బస్తా పట్టే అర, ఆవకాయ జాడీలకి చోటు, గ్రైండర్ ఎత్తకుండా వాడుకునే చోటు, ఇంగువ తిరగమోత హాల్లో సోఫా గుడ్డలకి పట్టకుండా అడ్డం. ఓపెన్ కిచెన్ ఫోటోలో ఎంత బావున్నా ఎండుమిరపకాయల ఘాటుకి ఫోటోలో వాసన రాదు. మేం వంటింటికీ హాలుకీ మధ్య జరిపే గాజు తలుపు పెట్టించాం. వండేవాళ్ళు ఒంటరిగా ఉన్నట్టుండదు, ఘాటు బయటికి రాదు. దీన్ని ఏ స్టైల్ అంటారో నాకు తెలీదు.

ఇవన్నీ డబ్బుల లెక్కలు, సర్దుకోవచ్చు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించే సంగతి ఇంకోటుంది.

మా కొలీగ్ ఒకబ్బాయి ఇల్లు చాలా బావుంటుంది. బూడిద రంగు గోడలు, నేలకి అడుగు ఎత్తులో సోఫా, గోడకి తగిలించినట్టుండే బల్ల. గృహప్రవేశం అయ్యాక వాళ్ళ నాన్నగారు నెల్లూరు దగ్గర్నించి వచ్చి నెలరోజులు ఉందామనుకున్నారు. తొమ్మిదో రోజుకే వెళ్ళిపోయారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆ సోఫాలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. నేలమీద కూర్చుందామంటే మధ్యలో రగ్గూ, టీపాయీ. పేపరు చదువుకోవడానికి బాల్కనీలో కుర్చీ వేసుకుంటే, ఆ ప్లాస్టిక్ కుర్చీ కలర్‌కి మ్యాచ్ అవట్లేదని తీసి లోపల పెట్టారు. “ఇల్లు చాలా బావుందిరా నాన్నా, నాకే ఎక్కడ కూర్చోవాలో తెలీట్లా” అన్నారట వెళ్ళేటప్పుడు. ఆ అబ్బాయి ఈ మాట మాకు నవ్వుతూనే చెప్పాడు. ఎవరం నవ్వలేదు.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉన్నారు. ఇవాళ కాకపోతే ఐదేళ్ళకి, పదేళ్ళకి వాళ్ళు మన దగ్గరికి రావాల్సిందే. పద్దెనిమిది అంగుళాల ఎత్తులో, చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఏ స్టైల్ బొమ్మలోనూ కనబడదు. దేవుడి దగ్గర పీట వేసుకుని కూర్చునేంత జాగా, వడియాలో బట్టలో ఆరేసుకోవడానికి ఎండ తగిలే దండెం.. ఇవీ కనబడవు. ఈ స్టైల్ మెనూల్లో మన బతుకుని ‘అడ్డదిడ్డం’ కింద లెక్కేసి అలమరలో దాచెయ్యమంటారు. అక్కడ నాకు పేచీ. ఇల్లు మన బతుకుని దాచడానికి కట్టుకోలేదు కదా.

మరి ఏం చెయ్యాలి అంటారా? మేం చేసింది చెప్తాను, గొప్ప విద్యేం కాదు. అద్దె ఇంట్లో ఉండగానే రెండు వారాలపాటు ఒక ఎక్సెల్ షీట్ నింపాం. ఏ టైంలో ఎవరు ఏ గదిలో ఏం చేస్తున్నారు, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారు, ఏది ఎక్కడ పోగవుతోంది. మా ఆయనకి వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. 2020 తర్వాత మనలో చాలామంది ఇళ్ళల్లో ఇది మామూలే అయింది కానీ, ప్లానుల్లో దానికి గది లేదు. షీటు చూస్తే తేలిందేంటంటే, డైనింగ్ టేబుల్ మీద తినేది రోజుకి గంట, పనిచేసేది తొమ్మిది గంటలు. అప్పుడు డైనింగ్ టేబుల్ బదులు గోడకి మడిచే బల్ల, దాని పక్కన ప్లగ్ పాయింట్లు, మంచి కుర్చీ ఒకటి. తినేటప్పుడు అదే బల్ల. పదిమంది వస్తే నేలమీద జంపఖానా పరుస్తాం. రెండో గదిలో మంచం లేదు, రెండు పరుపులూ వాటికి సరిపడా లోతున్న అలమరా ఉన్నాయి. అత్తయ్యగారు వస్తే ఆవిడకి మడత మంచం, ఎత్తుగా ఉండేది. కింద పడుకుని లేవడం ఆవిడ వల్ల కాదు, ఆ సంగతి కూడా షీట్లో ఒక వరస.

రెండోది, అంతా గృహప్రవేశం లోపే అయిపోవాలన్న తొందర వదిలేసుకోవాలి. ముందే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి.. కరెంటు పాయింట్లు, వంటిల్లు, గ్రిల్స్, దోమల తెరలు. ఇప్పుడు కొత్త అపార్ట్‌మెంట్లు చాలావాటిలో ఇటుక గోడలుండవు, మైవాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడలే. వాటిని తర్వాత చెక్కి వైరు వెయ్యాలంటే చాలా కష్టం, బిల్డర్లు ఒప్పుకోరు కూడా. కాబట్టి పాయింట్ల దగ్గర పిసినారితనం వద్దు. చెక్కపని మాత్రం ఎంత వీలైతే అంత ఆపండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉంటే ఎండ ఎక్కడ పడుతుందో, ఏ గోడకి చెమ్మ వస్తుందో ఇల్లే చెప్తుంది.

మూడోది, డబ్బు కంటికి కనబడే దానికన్నా కనబడని దానికి పెట్టాలి. వంటింట్లో సింకు కింద, బాత్రూం గోడనానుకుని ఉండే అలమరల్లో ఎండీఎఫ్ పెడితే నీళ్ళు తగిలి ఉబ్బిపోతుంది. అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. పైన వేసే లామినేట్ రంగు గురించి గంటసేపు మాట్లాడే సేల్స్ వాళ్ళు లోపలి ప్లై గురించి అడిగితే మాట మారుస్తారు, గమనించండి.

అంటే ఇల్లు అందంగా ఉండక్కర్లేదా అని మా చెల్లి నాతో పోట్లాడింది. ఉండాలి! పొద్దంతా స్క్రీన్ చూసి ఇంటికొచ్చే మనకి అందం అందరికన్నా ఎక్కువ కావాలి. కాకపోతే చిన్న ఇంటికి అందం ఎక్కువ వస్తువులతో రాదు. నేల ఖాళీగా ఉంటే సగం పనయిపోయింది. చెక్కంతా ఒకటే రంగు, గోడలన్నీ ఒకటే రంగు పెట్టుకుంటే ఇంకో పావు వంతు. మిగిలిన పావు వంతు మీ ఇష్టం. పోచంపల్లి ఇక్కత్ కర్టెన్లు వేసుకోండి, ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకోండి, స్వీడన్ దీపమే పెట్టుకోండి. 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు తీసేసి సాయంత్రానికి 3000 కెల్విన్ బల్బు ఒకటి పెట్టి చూడండి, వందో రెండొందలో ఖర్చుతో హాలే మారిపోతుంది. వీటిలో ఏది విసుగొచ్చినా ఒక ఆదివారం పూట మార్చెయ్యొచ్చు. గోడకి బిగించేసిన స్టైల్‌కి విసుగొస్తే మాత్రం సుత్తులు పట్టుకుని మనుషులు రావాలి.

ఒక్క సలహా చెప్పి ముగిస్తాను. ప్రతి గదిలో ఒక గోడ ఏమీ పెట్టకుండా ఒక ఏడాది వదిలెయ్యండి. పిల్ల పుట్టొచ్చు, ఉద్యోగం మారొచ్చు, నాన్నగారు వచ్చి ఉండొచ్చు. అప్పుడు కావాల్సిన చోటు అప్పటికి మిగిలుండాలి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఆ ఖాళీ గోడ చూసి “ఇంకా పని అవలేదామ్మా?” అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. “అవలేదండీ, ఇంకా టైముంది” అని చెప్పి కాఫీ ఇవ్వండి.